మైక్‌సెట్ డానియేలు చెవులు

హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో, మైక్‌సెట్ డానియేలును ఎరగని మనిషి ఉండేవాడు కాదు. మనిషి పొట్టి, మాట గట్టి, కోపం ముక్కు మీదే. ఈ మూడూ ఉన్నవాళ్ళు ఆ గల్లీలోనే ఇంకో పదిమంది ఉన్నారు గనుక వాటివల్ల అతనికి పేరు రాలేదు. పేరు తెచ్చినవి చెవులు. దర్గాలో కవ్వాలీ అయినా, బోనాలైనా, పెళ్ళయినా, చర్చిలో క్రిస్మస్ ఆరాధన అయినా, మైకు పెట్టించినవాళ్ళు ముందు అడిగే ప్రశ్న, “డానియేలు విన్నడా?” అని. అతను దూరంగా నిలబడి, తల కాస్త పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వినేవాడు. “ఆ మూడో హారన్ల పొర చినిగింది, మార్చుండ్రి” అనేవాడు. విప్పి చూస్తే చినిగే ఉండేది. లాడ్ బజార్లో గాజుల దుకాణం సేటు తన మేనల్లుడి పెళ్ళిలో ఈ విద్య చూసి, “అల్లా ఇస్కు కాన్ నై, మీటర్ దియా” అని, దేవుడు వీడికి చెవులు కాదు మీటరే ఇచ్చాడని, అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మాటను డానియేలు ఏళ్ళ తరబడి రోజుకు ఒక్కరికైనా చెప్పకుండా అన్నం తినలేదు.

తండ్రి నీళ్ళ డిపార్టుమెంటులో పైపులైను పని చేసి రిటైరయ్యాడు. కొడుకును కూడా అందులోనే పెట్టిస్తానంటే డానియేలు వద్దన్నాడు. తొంభై ఒకటిలో, పక్క గల్లీ మొగులయ్యతో కలిసి, చిన్న మడిగెలో నాలుగు హారన్లూ ఒక ఆంప్లిఫయరూ పెట్టుకుని దుకాణం తెరిచాడు. మొగులయ్య అతనికంటే అయిదేళ్ళు చిన్న. చేతి పని బాగా వచ్చినవాడే గానీ చెవి లేదు. డానియేలే నేర్పాడు. స్పీకరు ముందుండే కాగితం గరాటును, అంటే కోన్‌ను, రెండు వేళ్ళతో సమంగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకోవాలి. లోపల తీగచుట్ట గోడకు రాసుకుంటుంటే సన్నగా ‘సర్రు’మంటుంది. ఆ చుట్టను మైక్‌సెట్ వాళ్ళు కాయిల్ అంటారు. ఆ సర్రు వినబడిందంటే ఆ స్పీకరుకు కాలం దగ్గరపడినట్టు. మొగులయ్య మూడేళ్ళు నొక్కి నొక్కి చూశాడు. పదిసార్లలో ఆరుసార్లు వినబడేది, నాలుగుసార్లు వినబడేది కాదు. వినబడనప్పుడు తెచ్చి డానియేలు చేతిలో పెట్టేవాడు.

తొంభై ఎనిమిదిలో ఇద్దరూ విడిపోయారు. పెద్ద లొల్లి ఏమీ కాలేదు. డానియేలుకు అదే బాధ. కొట్లాడి పోతే తిట్టుకోవడానికి ఒక కారణమైనా మిగిలేది. మొగులయ్య నల్లటి పెద్ద డబ్బా స్పీకర్లు కొందామన్నాడు. డానియేలు వినలేదు. “హారన్ పెడితే నాలుగు గల్లీలు వింటయి. డబ్బా పెడితే నాలుగు కుర్చీలు వింటయి. మనకెందుకు?” అన్నాడు. మొగులయ్య తల ఊపి, ఒక నెల ఆగి, పత్తర్‌గట్టిలో సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. ఏదో హోటలు ఆర్కెస్ట్రావాళ్ళు అమ్ముకుంటున్న పాత నల్లడబ్బాలు, మైకుల చప్పుళ్ళన్నీ కలిపి సరిచేసే, వరసగా బటన్లున్న ఒక మిక్సరు కొన్నాడు. దానితోపాటు చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ కూడా వచ్చింది.

ఆ హెడ్‌ఫోన్ దగ్గర మొదలైంది మంట. మొగులయ్య దాన్ని మెడలో వేసుకుని పత్తర్‌గట్టి కమాన్ల కింద అటూ ఇటూ తిరిగేవాడు. చాయ్ తాగడానికి వచ్చినా మెడలో అదే. చెవి లేనివాడికి చెవుల మీద అంత పెద్ద టోపీలెందుకని డానియేలు ఇంట్లో గొణిగేవాడు. భార్య బేబీ ఒక బళ్ళో ఆయా. పొద్దంతా పిల్లల గోల విని వచ్చిన మనిషి, ఈ గోల కూడా వినేది. “ఆయన మెడ, ఆయన ఇష్టం. నీకెందుకయ్యా ఫికర్?” అనేది. అసూయపడే మగవాడికి భార్య చెప్పే మంచిమాట ఎప్పుడు ఎక్కింది గనుక?

ఒక్కో సంవత్సరం గడిచేకొద్దీ మొగులయ్యకు కాలేజీ ఫంక్షన్లు వచ్చాయి, పెద్ద హోటళ్ళలో రిసెప్షన్లు వచ్చాయి. డానియేలుకు పాత దర్గా, పాత గుడి, పాత చర్చి మిగిలాయి. తిండికి లోటేమీ లేదు. అయినా మొగులయ్య ట్రాలీ వీధిలోంచి పోతే అందులో ఎన్ని డబ్బాలున్నాయో లెక్కపెట్టుకునేవాడు. ఒకే ఒక్క ఊరట ఉండేది. ఏదైనా డబ్బా మీద అనుమానం వస్తే మొగులయ్య ఇంకా డానియేలు దగ్గరికే తెచ్చేవాడు. “అన్నా, జర విను” అని. ఎంత ఎదిగినా చెవి నాదే కదా అనుకుని డానియేలు ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

రెండువేల మూడు జనవరిలో ఫణి అనే కుర్రాడు దుకాణానికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ఎప్పుడో గుంటూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఫణికి గిటారు పిచ్చి. వాడూ వాడి స్నేహితులూ కలిసి మొయినాబాద్ దగ్గర మేనమామ జామతోటలో ఒక పండగ చేస్తారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అయిదు బ్యాండ్లు రాక్ సంగీతం వాయిస్తాయట. సినిమా పాటలుండవట, అన్నీ వాళ్ళు సొంతంగా కట్టుకున్నవేనట. చేతిలో పైసలు తక్కువ గనుక పాతబస్తీలో మైకు మంచిగా పెట్టేవాళ్ళెవరని వాకబు చేస్తే గాజుల సేటు ఇక్కడికి పంపాడు.

డానియేలు పొంగిపోయి నాలుగు హారన్లూ గుడ్డతో తుడిచి చూపించాడు. ఫణి మర్యాదగా చూసి, “అంకుల్, డ్రమ్స్‌కి మీరు ఎన్ని మైకులు పెడతారండీ?” అని అడిగాడు.

“డ్రమ్ముకు మైకెందుకు బాబూ? దానికే మస్తు చప్పుడుంటది గదా” అన్నాడు డానియేలు.

ఫణి హారన్లకేసి ఇంకోసారి చూశాడు. ఇంట్లో మాట్లాడి చెబుతానన్నాడు. చెప్పలేదు. పది రోజుల తర్వాత డానియేలు పత్తర్‌గట్టిలో నడుస్తుంటే మొగులయ్య దుకాణం గోడ మీద నల్లరంగు పోస్టరు కనబడింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. పైన బ్యాండ్ల పేర్లు, మధ్యలో గిటారు బొమ్మ, అన్నింటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ‘సౌండ్: మొగులయ్య’. తన పేరు పన్నెండేళ్ళలో ఒక్క కాగితం మీద కూడా అచ్చుకాలేదు. పెళ్ళి శుభలేఖల్లో బ్యాండువాళ్ళ పేరు వేస్తారు, వంటవాళ్ళ పేరు వేస్తారు, మైకువాడి పేరు ఎవడు వేస్తాడు? డానియేలు ఆ పోస్టరు ముందు నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఆ సాయంత్రం మొగులయ్యే ఇంటికొచ్చాడు.

“అన్నా, తోట గేటు కాడ అనౌన్స్‌మెంటుకు రెండు హారన్లు గావాలె. బండ్లు ఎక్కడ పెట్టాలె, నీళ్లు ఎక్కడున్నయి, గట్ల చెప్పనీకి. ఆ పని నీకే ఇయ్యుమని ఫణి సాబ్‌తోటి చెప్పిన.”

“గేటు కాడనా?” అన్నాడు డానియేలు.

“అవునన్నా. నువ్వు పక్కన ఉంటే నాకు గూడ ధైర్యం. ఇసొంటి ప్రోగ్రాం నేనెన్నడు చేయలే.”

మొగులయ్య ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. డానియేలుకు మాత్రం అందులో ‘గేటు’ అన్న ఒక్క మాటే చెవిన పడింది. పోనని చెప్పేవాడే. కానీ మొగులయ్య ఆ మిక్సరు ముందు కూర్చుని నలుగురిలో నవ్వులపాలైతే, ఆ వేడుక చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఎలాగ? వస్తానన్నాడు. పోయేనాడు హారన్లతోపాటు, ఎవరూ అడగకపోయినా, పాత చెక్క స్పీకర్లు రెండు కూడా ట్రాలీలో వేసుకున్నాడు. మొగులయ్య డబ్బాలు మొరాయిస్తే అప్పుడు ఫణికి తెలిసి వస్తుంది డానియేలు ఎవరో.

ఫిబ్రవరి రెండో ఆదివారం. జామచెట్ల మధ్య ఖాళీ జాగాలో గడ్డివాము పక్కన చెక్కబల్లలతో స్టేజీ కట్టారు. దాని ఎదురుగా ఒక టెంటు. టెంటు కింద మొగులయ్య, అతని ముందు మిక్సరు, మెడలో హెడ్‌ఫోన్. రెండు వందల గజాల అవతల గేటు దగ్గర, ఒక వేపచెట్టుకు హారన్లు కట్టుకుని, స్టూలు మీద డానియేలు. “బండ్లు ఎడమ దిక్కు పెట్టుండ్రి. చెట్ల కాయలు తెంపద్దు” అని పావుగంటకొకసారి చెప్పడమే ఉద్యోగం. ఎవరో ఒక పిల్ల దగ్గరికొచ్చి, “అంకుల్, మీ వాయిస్ చాలా బాగుంది” అని కూడా అంది. అతనికి ఆ పొగడ్త అరగలేదు.

మొదటి బ్యాండు తీగలు మీటింది. డానియేలు స్టూలు మీద నిటారుగా అయ్యాడు. బరబరమని, గరగరమని, రేకు మీద గులకరాళ్ళు పోసి ఈడ్చినట్టు ఒకటే మోత. తల పక్కకు వంచాడు. సందేహమే లేదు. కోన్ చినిగింది! ఒకటి కాదు, నాలుగు డబ్బాల్లోనూ చినిగాయి! డానియేలు ఒళ్ళంతా సంతోషంతో పులకించింది. ఆ మాట దాచడం ఎందుకు, క్రిస్మస్ నాడు కూడా అతనికి అంత సంతోషం కలగలేదు. మైకు స్టూలు మీద పడేసి, చెట్ల మధ్యనుంచి పరుగున టెంటు దగ్గరికి పోయాడు.

“ఆపుండ్రి! డబ్బాలన్ని చినిగినయి! నా స్పీకర్లు ట్రాలీల తెచ్చిన, అయిదు నిమిషాలల్ల కడత!” అని చేతులూపుతూ అరిచాడు.

ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్ళు తిరిగి చూశారు. స్టేజీ మీద గిటారు వాయిస్తున్నవాడు ఆగిపోయాడు. ఫణి నవ్వు ఆపుకుంటూ వచ్చాడు.

“ఏమీ చిరగలేదు అంకుల్. గిటారుకి కింద పెడల్ ఉంటుంది, దాన్ని తొక్కితే సౌండు అలా గరగరమంటుంది. కావాలనే పెట్టుకుంటాం. రాక్ అంటేనే అది.”

కావాలనే! మంచి గొంతును కావాలని పాడుచేసుకునేవాళ్ళుంటారని డానియేలుకు ఎవరు చెప్పారు? పన్నెండేళ్ళు ఊళ్ళో ఉన్న గరగరనంతా ఏరి పారేయడమే అతని బతుకు. ఆ గరగర వినడానికే వీళ్ళు బండ్లేసుకుని ఇంత దూరం వచ్చారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. నవ్వనివాడు మొగులయ్య ఒక్కడే. అతను లేచి వచ్చి డానియేలు భుజం మీద చెయ్యి వేశాడు.

“ఫికర్ జేయకన్నా. మొన్న ప్రాక్టీసుల నేను గూడ గట్లనే అనుకున్న. ఒక డబ్బా మొత్తం విప్పి చూసిన, ఎర్కనా?”

ఓదార్పే అది. కానీ తనకంటే ముందే తెలుసుకున్నవాడు ఓదారిస్తే అసూయ తగ్గదు, ఎక్కువవుతుంది. డానియేలు ఆ చెయ్యి తీసేసి, గేటు దగ్గరికి పోయి స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత ఇంకో రెండు బ్యాండ్లు వాయించాయి. జనం మొత్తం మూడొందల మంది కూడా ఉండరు, కానీ ఎగిరారు, దుమ్ము లేపారు, పాట పాటకూ కేకలు పెట్టారు. మధ్యాహ్నం ఒక బ్యాండువాడు మైకులో మొగులయ్య పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. మొగులయ్య హెడ్‌ఫోన్ తీసి సిగ్గుపడుతూ నిలబడ్డాడు. గేటు దగ్గర బిర్యానీ పొట్లం విప్పుకున్న డానియేలు, దాన్ని మళ్ళీ కట్టేసి పక్కన పెట్టేశాడు.

అయిదు గంటలైంది. నాలుగో బ్యాండు ఇంకా వాయిస్తోంది, ఆఖరిది ఫణిది మిగిలింది. ఎండ జామచెట్ల మీదికి వాలింది. అప్పుడు, ఆ గరగర అడుగున, డానియేలుకు ఇంకో చప్పుడు వినబడింది.

సర్రు.

సన్నగా, తాళం తప్పకుండా, దెబ్బ దెబ్బకూ. గిటారు ఆగిన క్షణంలో కూడా అది ఆగలేదు. ఎడమవైపు కింది డబ్బా. కాయిల్ వేడెక్కి రాసుకుంటోంది. ఆ ఒక్క డబ్బా తీగ పీకేస్తే మిగిలిన మూడింటితో పొద్దుగూకేదాకా వాయించుకోవచ్చు. పీకకపోతే పావుగంటలో కాయిల్ కాలుతుంది, దానితోపాటు ఆంప్లిఫయరూ కాలుతుంది. రెండు వందల గజాల దూరం నుంచి, అంత మోతలో, ఇంకెవరికి వినబడేది అది? హైదరాబాదు మొత్తంలో ఎవరికీ వినబడేది కాదు.

టెంటు వైపు చూశాడు. మొగులయ్య మిక్సరు ఫణికి అప్పజెప్పి గేటు వైపు పరిగెత్తుకొస్తున్నాడు.

“అన్నా!” అన్నాడు రొప్పుతూ. “ఎడమ దిక్కు ఏందో తేడా గొడుతున్నది. అది గిటార్‌దా, డబ్బాదా నాకు సమజైతలేదు. ఈ లొల్లిల ఏది పాటనో ఏది ఖరాబో తెలుస్తలేదు. జర విను.”

డానియేలు తల పక్కకు వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. సర్రు, సర్రు, సర్రు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే ఏమవుతుంది? మొగులయ్య పోయి తీగ పీకుతాడు, పండగ సాగుతుంది, మళ్ళీ మొగులయ్యకే చప్పట్లు. పొద్దున తనను చూసి నవ్విన కుర్రాళ్ళే ఆ చప్పట్లు కొడతారు. పోస్టరు మీద పేరు మొగులయ్యదే. తనకేమో “బండ్లు మెల్లగ తీయుండ్రి”.

కళ్ళు తెరిచాడు.

“అంత గిటారే. నాకేం వినవడతలే” అన్నాడు.

మొగులయ్య మొహం తేటపడింది. “నీకు వినవడలేదంటే లేనట్టే అన్నా” అని వెనక్కి పరిగెత్తాడు. ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు.

డానియేలుకు కాసేపు చల్లగా ఉంది. కావాలంటే నేను కాపాడేవాణ్ణి, కాపాడలేదు అనుకోవడంలో ఒక రుచి ఉంది. ఆ రుచి పది నిమిషాలుంది. ఫణి బ్యాండు స్టేజీ ఎక్కి, గిటార్లు తగిలించుకుని, మొదటి దెబ్బ కొట్టగానే ఎడమవైపు ‘టప్’మని పేలింది. నల్లటి పొగ లేచింది. తర్వాత కుడివైపూ చచ్చిపోయింది. మొగులయ్య ఆంప్లిఫయరు మూత విప్పి, చేత్తో తడిమి, చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు. డానియేలు ట్రాలీలో చెక్క స్పీకర్లున్నాయి గానీ, ఆంప్లిఫయరే కాలిపోయాక, హారన్లకున్న చిన్నది బ్యాండును మోయలేదు. ఏడాదిగా ఈ రోజు కోసం చూసిన ఫణి గిటారు మెడలోనే వేసుకుని బల్ల అంచు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి గేటు దగ్గరికి నడిచొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అంకుల్, ఇప్పుడు పనిచేస్తున్నవి మీ హారన్లొక్కటే. ప్రోగ్రాం అయిపోయిందని అందరికీ మీరే చెప్పండి” అన్నాడు.

డానియేలే చెప్పాడు. అతని గొంతు తోటంతా స్పష్టంగా, ఒక్క గరగర లేకుండా వినబడింది.

ఇక్కడితో ఆగితే ఆ పాపం ఒక డబ్బాతోనూ ఒక ఆంప్లిఫయరుతోనూ పోయేది. కానీ పత్తర్‌గట్టిలో నలుగురూ మొగులయ్యను అడిగారు, అంత సామాను ఎట్లా కాల్చుకున్నావని. మొగులయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. “నాకు అనుమానమొచ్చింది. డానియేలన్ననే అడిగిన. ఆయన కళ్ళు మూసుకొని విన్నడు. ఆయనకే వినవడలే. ఇగ నాకేం వినవడుతది?” అన్నాడు. అందులో పుల్లవిరుపు లేదు, కోపం లేదు. విన్నవాళ్ళు అయ్యో అన్నారు. నలభై అయిదేళ్ళకే పాపం డానియేలుకు చెవులు పోతున్నాయన్నారు. పన్నెండేళ్ళు హారన్ల కింద నిలబడితే పోవా మరి అన్నారు.

ఆ మాట పత్తర్‌గట్టి నుంచి లాడ్ బజార్‌కు పోవడానికి ఒక పూట పట్టింది, హుస్సేనీ ఆలం రావడానికి ఇంకో పూట. గాజుల సేటు దారిలో కనబడి చెయ్యి పట్టుకుని, అరిచినంత గట్టిగా, “డాక్టర్ కో దిఖావ్ భాయ్!” అన్నాడు. దర్గావాళ్ళు ఆ ఏటి ఉర్సు పండగకు హారన్లు అతనివే కట్టించుకున్నారు గానీ, “డానియేలు విన్నడా?” అని అడగలేదు. చర్చిలో పాస్టరుగారు, ఈస్టరు ఆరాధనకు మైకుల సంగతి మొగులయ్య చూసుకుంటాడనీ, డానియేలు హాయిగా ముందు వరసలో కూర్చోవచ్చనీ చెప్పారు. ముందు వరసైతే బాగా వినబడుతుందని కూడా అన్నారు.

డానియేలు తేలుకుట్టిన దొంగలాగా అన్నీ ఊరుకుని విన్నాడు. నా చెవులు లక్షణంగా ఉన్నాయని చెబితే, మరి ఆ రోజు ఎందుకు వినబడలేదని అడుగుతారు. ఈస్టరు ఆరాధనలో మొగులయ్య మిక్సరు ముందు కూర్చుంటే, ముందు వరసలో కూర్చున్న అతనికి కుడివైపు స్పీకర్లో సన్నటి ఈల వినబడుతూనే ఉంది. పాటలు అయిపోయేదాకా పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఆ ఈలను ఆపలేని మొగులయ్య మీద అప్పటిక్కూడా అతనికి అసూయే. ఎందుకంటే మొగులయ్యను అందరూ నమ్ముతున్నారు.

ఇంటికొచ్చాక బేబీ కంచం పెట్టి, అలవాటైపోయి, గొంతు పెంచి, “ఇంక జర అన్నమెయ్యాల్నా?” అంది.

“అరవకే!” అన్నాడు డానియేలు. “నాకు వినవడుతది. ఆ రోజు గూడ వినవడ్డది.”

బేబీ గరిటె పట్టుకుని అట్లాగే ఆగింది. అతను తల వంచుకుని మొత్తం చెప్పాడు, సర్రుమనడం దగ్గర్నుంచి మొగులయ్య అన్న ఆఖరి మాట దాకా. ఆమె గరిటె గిన్నెలో పెట్టి ఎదురుగా కూర్చుంది. భర్త అసూయ ఆమెకు కొత్తది కాదు. అది ఇంత దూరం నడిచి పోగలదని మాత్రం తెలియదు.

“ఇది ఇంకెవరికన్న చెప్పినవా?” అంది చివరికి, మామూలు గొంతుతో.

“లేదు.”

“చెప్పకు. చెవుడంటే లోకం జాలి పడుతది. ఇది తెలిస్తే నీ గడప ఎవ్వడు తొక్కడు. చెవుడే అని ఉండనియ్యి.”

మర్నాడు డానియేలు దుకాణంలో వీధికి వీపు పెట్టి కూర్చుని ఒక హారన్‌కు టంకం వేస్తున్నాడు. గల్లీ మలుపులోనే మొగులయ్య చెప్పుల చప్పుడు పోల్చుకున్నాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు వాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితాలు కదులుతున్నాయి. అడుగులు గడప దగ్గర ఆగాయి.

“అన్నా” అన్నాడు మొగులయ్య మెల్లగా. “ఉస్మానియా దవాఖానల చెవుల డాక్టరుకు చీటీ రాపిచ్చిన. నేనే తోలుకపోత.”

డానియేలు చేతిలో టంకం కడ్డీ ఆగింది. తిరగలేదు.

మొగులయ్య ఇంకో రెండడుగులు లోపలికి వచ్చి, వంగి, చెవి దగ్గర గట్టిగా అరిచాడు. “అన్నా! నేను! మొగులయ్యను!”

అప్పుడు డానియేలు ఉలిక్కిపడ్డట్టు ఇటు తిరిగాడు.

“ఎవరూ, మొగులయ్యనా?” అన్నాడు. “ఎప్పుడొచ్చినవ్ తమ్మీ? జర గట్టిగ చెప్పు.”